చింతపిక్కల పందెం

అమ్మ పోయిన కొన్ని నెలలకి, హోలీ అయిపోయి వీధి గోడల మీద రంగు మరకలు ఇంకా వెలవని రోజుల్లో, నాన్న మా ఇద్దరికీ చదువుల పందెం పెట్టాడు. డెబ్బైల చివరి మాట ఇది. నాకప్పుడు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఏడు. జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్ సందుల్లో, స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు గదుల ఇల్లు మాది. నాన్న ఆ టాటానగర్ స్టేషన్లోనే ఫిట్టరు. ఆగిన రైలు పెట్టెల కిందికి దూరి చక్రాలూ బ్రేకులూ చూడటం ఆయన పని. ఇంటికొచ్చి ఎంతసేపు తోముకున్నా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు.

అమ్మ కామెర్లతో పోయింది. దాని గురించి అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కర్మలయ్యాక చుట్టాలు ఎవరి బండి వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు, అత్త ఒక్కతే ఉండిపోయింది. నాన్నకి అక్క. మొగుడు పోయి, పిల్లలు లేక, శ్రీకాకుళం వైపు పల్లెలో ఒక మేకని పెట్టుకుని బతికిన మనిషి. ఆ మేకని పొరుగింట అప్పజెప్పి మా కోసం వచ్చింది. వచ్చిన మొదటి వారమంతా మేక గురించే ఏడ్చింది. అమ్మ గురించి ఏడవలేదేం అని నాకు కోపం రాలేదు. ఏడవనివాళ్ళలో నేనూ ఉన్నాను కదా. పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళు "ఆ పిల్లని ఏడిపించండమ్మా, నేకపోతే జబ్బు సేత్తాది" అని అత్తకి చెప్పి వెళ్ళేవాళ్ళు. అత్త నా వంక చూసి, "ఎలగ ఏడిపించాల? గిల్లాలా?" అనేది. నిజంగానే ఒకసారి గిల్లింది కూడా. నొప్పి పుట్టింది, అంతే.

పొద్దున్న లేవడం, కుళాయి దగ్గర బిందె పెట్టడం, తమ్ముడికి తల దువ్వడం, బడికి పోవడం. అన్నీ జరిగిపోయేవి. ఎవరో చేస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాళ్ళం కాదు. ఉక్కు కంపెనీ భోంపు, అదే సైరను, మోగితే టైమెంతో తెలిసేది. అంతకు మించి ఇంట్లో చప్పుడు లేదు.

అలాంటి ఇంట్లో, నాన్నకి డ్యూటీ లేని ఒక సాయంత్రం, మమ్మల్నిద్దర్నీ వాకిట్లో కూచోబెట్టి, అత్త దాచుకున్న చింతపిక్కల డబ్బా మధ్యలో పెట్టాడు. రెండు స్టీలు గ్లాసులు చెరో పక్కన పెట్టాడు.

"ఇంటన్నారా? రోజుకో కొత్త రకం తెలుగు సదవాల. సదివింది అత్తకి గట్టిగా ఇనిపించాల. అత్తకి అరదమైతే మీ గళాసులో ఒక పిక్క. అవ్వకపోతే నేదు. ఒకపాలి సదివిన రకం మల్లీ సదవకూడదు. మామిడిపళ్ళ నాటికి ఎవరి గళాసు నిండుగుంటే ఆలు నెగ్గినట్టు."

"జీతేగా తో క్యా మిలేగా?" అన్నాడు తమ్ముడు. గెలిస్తే ఏమిస్తావని. మా అందరి పిల్లల్లాగే వాడికీ హిందీయే ముందు వచ్చేది. పెద్దవాళ్ళు తెలుగులో అడగడం, మేం హిందీలో చెప్పడం, ఆ వీధిలో ఎవరికీ వింత కాదు.

"ఏటడిగితే అది ఇత్తాను," అన్నాడు నాన్న.

నాన్న మాటంటే మాటే. ఎవరికో సైకిలు ఇస్తానని నోరు జారి, ఇచ్చేసి, వారం పాటు వానలో డ్యూటీకి నడిచి వెళ్ళిన మనిషి. ఆ వారమంతా అమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు నాకు గుర్తే. అందుకని తమ్ముడు ఆ క్షణం నుంచే ఏమడగాలా అని ఆలోచించడం మొదలెట్టాడు. ఒక రోజు తుపాకీ, ఒక రోజు కుక్కపిల్ల, ఒక రోజు సోనారిలో దిగే చిన్న విమానంలో కూచోవడం. నాకు ఏమీ తోచలేదు. పందెం అన్నారు కాబట్టి ఆడాను.

తమాషా ఏమిటంటే, పందెం మొదలయ్యేనాటికి తమ్ముడికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకు అమ్మ పలక మీద దిద్దించింది, ఏదో కూడబలుక్కునేదాన్ని. "ఆడికి అచ్చరాలు నువ్వే నేర్పుమ్మా, పందెం పందెమే," అన్నాడు నాన్న. పోటీదారుకి నేనే గురువుని. పొయ్యిలో బొగ్గు తీసి వాకిట్లో గచ్చు మీద రాసి నేర్పాను. బడిలో హిందీ అక్షరాలు గీతకి వేలాడటం అలవాటైన వాడికి ఇవి గుండ్రంగా, దేనికీ పట్టుకోకుండా నిలబడి ఉండటం భలే నవ్వు తెప్పించింది. తలకట్టు చూపించి, "దీదీ, ఇన్‌కీ చోటీ హై," అన్నాడు. వీటికి పిలకలున్నాయట. అమ్మ పోయాక వాడు నవ్వగా చూడటం అదే మొదటిసారి. అత్త కూడా వంటింట్లోంచి తొంగి చూసింది. వాడికి పట్టుబడటం ఎంత సేపు? నెల తిరక్కుండా గుణింతాలు దాటాడు, ఒత్తుల దగ్గర కొంచెం తన్నుకున్నాడు, తర్వాత ఇక ఆపడం కష్టమైంది.

ఇక తీర్పరి సంగతి. అత్తకి చదవడం రాదు. సున్నా చుట్టడం కూడా రాదు. కానీ నాన్న ఆవిడనే కూచోబెట్టాడు. ఆవిడకి అర్థమైతేనే చదివినట్టు. ఈ చిక్కు ఎంతటిదో మొదటి రోజే తెలిసింది. నేను మందు సీసా మీది కాగితం ముందే కూడబలుక్కుని పెట్టుకుని, గడగడా చదివాను. "భోజనానంతరం సేవించవలెను" అన్నాను.

"అనంతరం అంటే ఏటే?"

"తర్వాత అని అత్తా. అన్నం తిన్నాక తాగమని."

"మరలగ రాయొచ్చుగదా, ఆడికేటి రోగం? మందమ్మీవోడికే రోగముంటే మందెలగ పన్సేత్తాది?" అని, నాకు పిక్క ఇవ్వలేదు. నువ్వు చెప్తే అర్థమైంది గానీ అది చదివితే కాదుగా, అని లా పాయింటు తీసింది. మర్నాటి నుంచి మేం ముందు అర్థం తెలుసుకుని, ఎక్కడ ఆగాలో చూసుకుని, అత్త మొహం చూస్తూ చదవడం నేర్చుకున్నాం. ఏ బడిలోనూ నాకు ఎవరూ అలా చదవడం నేర్పలేదు.

రోజుకో కొత్త రకం అనడం తేలికే. జంషెడ్‌పూర్‌లో తెలుగు అచ్చు ఎక్కడ దొరుకుతుంది? కొట్లో పొట్లాలు హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు, అప్పుడప్పుడు ఒడియా. సినిమా పోస్టర్లు హిందీ. కాబట్టి వేట మొదలైంది. ఎవరైనా ఊరెళ్ళి వస్తే వాళ్ళింటి ముందు తయారయ్యేవాళ్ళం. వాళ్ళు చుట్టి తెచ్చిన అప్పడాలూ చింతపండూ మాకక్కర్లేదు, చుట్టిన కాగితాలు కావాలి. "ఈళ్ళకేటైందే, అప్పడాలొద్దంట, కాయితాలంట," అని ఆశ్చర్యపోయేవాళ్ళు. సబ్బు అట్టలు, నూనె సీసాలు, పెళ్ళి శుభలేఖలు, దేవుడి పటం కింద ముద్రించిన దుకాణం పేరు, బనియన్ల పెట్టె, గాజుల పెట్టె. వైజాగు నుంచి వచ్చిన లారీ సందు చివర ఆగితే తమ్ముడు దాని చుట్టూ తిరిగి వెనకా ముందూ రాసిందంతా బట్టీ పట్టుకుని వచ్చి అత్తకి అప్పజెప్పాడు. డ్రైవరు వాడికి అరటిపండు ఇచ్చాడట. "అరటిపండుకి పిక్క నేదు," అంది అత్త, లారీకి మాత్రం ఇచ్చింది.

ఆంధ్రా వైపు నుంచి వచ్చే బండి ఖాళీ అయి యార్డులోకి వెళ్ళాక, పెట్టెల్లో సీట్ల కింద జనం పారేసిన పత్రికలు ఉండేవి. నాన్న అవి ఏరి చొక్కాలో దోపుకుని తెచ్చేవాడు. చట్నీ మరకలతో, సగం చిరిగి, సీరియల్లో ఏ ముక్కో తెలియకుండా వచ్చేవి. వార్తాపత్రిక ఒక రకం, దాంట్లో ప్రకటన ఇంకో రకమా కాదా అని తమ్ముడికీ నాకూ పెద్ద తగువైంది. అత్త తేల్చేసింది. "సావు కబురూ సబ్బు కబురూ ఒకటెలగవుద్ది?" ఆ ఒక్క తీర్పుతో మాకు ఒక పత్రికలో పది రకాలు దొరికాయి. ధరవరలు ఒక రకం, పెళ్ళి ప్రకటనలు ఒక రకం, తప్పిపోయినవారు ఒక రకం, వాన కబురు ఒక రకం.

ఊళ్ళోనే కద్మా పేటలో తెలుగువాళ్ళ సంఘం గదిలో ఒక బీరువా పుస్తకాలుండేవి. ఆదివారం పొద్దున్న తెరిచేవారు. నాన్న మమ్మల్ని సైకిలు ముందొకరినీ వెనకొకరినీ ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. నేను కథలు తెచ్చుకునేదాన్ని. తమ్ముడు బొమ్మ చూసి ఏరుకునేవాడు. ఒక ఆదివారం మేక బొమ్మ ఉందని పశువుల పెంపకం పుస్తకం పట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం మేకలకి వచ్చే జబ్బుల గురించి వాడు చదువుతుంటే అత్త బియ్యం చేట పక్కన పెట్టేసింది. గిట్టల పుండు దగ్గర, "అవునవును," అంది. పొట్ట ఉబ్బరం దగ్గర ఏడ్చేసింది. చదవడం అయ్యాక డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పిక్కలు తీసి వాడి గ్లాసులో పోసింది. నేను గొడవ చేశాను. "నాను తీర్పరిని, నా ఇట్టం," అంది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అలా మేక పుణ్యమా అని తమ్ముడు నా కంటే చాలా ముందుకి పోయాడు. నాకేం బాధ కలగలేదు. వాడు నెగ్గితే కుక్కపిల్ల వస్తుంది, వస్తే రానీ అనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం తమ్ముడు కనిపించలేదు. అత్త నిద్ర లేచి చూసేసరికి చాప మీద లేడు. సందంతా వెతికాం, లారీలు ఆగే చోటు చూశాం. వాళ్ళూ వీళ్ళూ డ్యూటీలో ఉన్న నాన్నకి కబురు పంపారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. జనం అటూ ఇటూ పరిగెడుతున్నారు. నా గుండె కూడా కొట్టుకోలేదు అంటే నమ్మరు గానీ, అమ్మ విషయంలో ఎలా ఉండిపోయానో అలాగే ఉండిపోయాను. ఇది కూడా జరుగుతుంది కాబోలు, అనుకున్నాను.

వాడు యార్డులో దొరికాడు. ఆంధ్రా బండి వచ్చే రోజని గుర్తుపెట్టుకుని, నాన్న తెచ్చేలోపు తనే ఏరుకుందామని, పట్టాలన్నీ దాటి, కడగడానికి నిలబెట్టిన ఖాళీ పెట్టెలోకి ఎక్కాడు. వాడు లోపలుండగా ఇంజను వచ్చి ఆ బండిని ముందుకీ వెనక్కీ లాగి ఇంకో లైనులో పెట్టింది. నాన్న వెళ్ళి పెట్టె పెట్టే చూసుకుంటూ పోతే, చివరి దాంట్లో, కిటికీ పక్క సీట్లో కాళ్ళు ముడుచుకుని కూచుని, ఎవరో వదిలేసిన వారపత్రిక చదువుకుంటున్నాడట. నాన్నని చూసి, "నాన్నా, ఏ నయా వాలా హై," అన్నాడట, ఇది కొత్త రకమని. నాన్న వాణ్ణి ఒక్క దెబ్బ వెయ్యలేదు. భుజాన వేసుకుని తెచ్చి చాప మీద దించి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గర కూచున్నాడు.  కుళాయిలో నీళ్ళు ఆగిపోయినా లేవలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే మావయ్య వచ్చాడు, అమ్మకి తమ్ముడు. పార్వతీపురం దగ్గర ఊళ్ళో రైస్‌మిల్లు గుమస్తా. పెళ్ళై చాన్నాళ్ళయినా పిల్లల్లేరు. మామిడి తాండ్ర తెచ్చాడు. పొట్లం ఎవరూ విప్పకముందే తమ్ముడు దాన్ని అందుకుని, పైన చుట్టిన కాగితం మీది వార్త ఎక్కడా తడుముకోకుండా చదివేశాడు. మావయ్య నోరు తెరిచి చూశాడు. తర్వాత సంచీలోంచి ఒక వాచకం తీసి, మధ్యలో ఒక పాఠం చూపించి చదవమన్నాడు. అదీ చదివాడు. మావయ్య వాడి తల మీద చెయ్యి వేసి నాన్నతో, "మూడో తరగతిలో కూకోబెట్టీయొచ్చు బావా. నాను ఒకటో తరగతిలో ఎయ్యాలేటో అనుకున్నాను," అన్నాడు.

ఏ బడిలో మూడో తరగతి? నాన్న నేల చూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళి అత్తని అడిగాను. ఆవిడ వంకాయలు తరుగుతోంది. దాచడం ఆవిడకి చేతకాదు.

"మరేటనుకున్నావు? ఆడికి తెలుగొత్తేగానీ అక్కడ బడిలో తీసుకోరు. అందుకేగదా మీ నాన్న ఈ ఆట పెట్టినాడు. మీ మావయ్యోలు ఆడిని పెంచుకుంటారు. పిల్లల్నేని ఇల్లు, ఆడు మారాజులాగుంటాడు."

"నేను?"

"నువ్వు ఆడపిల్లవి. నీకేటి, ఇక్కడే ఉంటావు. నా మోకాళ్ళు సూత్తన్నావుగదా."

వంకాయ ముక్కలు నీళ్ళలో పడుతున్నాయి.  నాన్న మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. చాలా నెలల తర్వాత నాకు వచ్చిన మొదటి కోపం అది, చిన్నదే. మా ఇద్దరికీ పందెమని చెప్పి వాడొక్కడికే పరీక్ష పెట్టాడు. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. ఆ మాట పదే పదే అనుకున్నాను. కాసేపటికి అదీ చల్లారిపోయింది. మిగిలింది ఒక్కటే, నెగ్గినవాళ్ళు ఏమడిగితే అదిస్తానన్నాడు నాన్న. నేను నెగ్గాలి. నెగ్గి, తమ్ముణ్ణి పంపొద్దని అడగాలి.

తమ్ముడికి ఏమీ చెప్పలేదు. చెప్తే కుక్కపిల్ల మాట మరిచిపోయి ఏడుస్తాడు. మావయ్య సెలవు పెట్టుకుని వచ్చాడు, మామిడిపళ్ళు బజారులో దిగిపోయాయి, ఆఖరి వారం అది. నేను చదవడం మొదలెట్టాను. అంతకు ముందు చదివింది చదువు కాదు. కద్మా బీరువా ఆయన్ని బతిమాలి ఒకేసారి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను. రోజుకి ఒకటే అన్న నియమాన్ని అత్త దగ్గర పోట్లాడి మార్పించాను, ఎన్ని రకాలు చదివితే అన్ని పిక్కలు. వంటల పుస్తకం చదివాను, అత్త "పులుసులో బెల్లమెయ్యడమేటి, ఆడి మొహం," అంటూనే పిక్క ఇచ్చింది. వైద్యం, జాతకాలు, భజన పాటలు, కుట్టుపని, నాటకం. నాటకం అన్ని గొంతులతోనూ చదివితే వీధి పిల్లలు గుమ్మంలో చేరారు. తమ్ముడు నా పక్కనే కూచుని, కళ్ళు పెద్దవి చేసుకుని, తన వంతు కోసం చూసేవాడు. వాడికి నేను శత్రువునని వాడికి తెలియదు. వాడి పక్షాన ఉన్నానని కూడా తెలియదు.

ఆఖరి రోజు సాయంత్రానికి రెండు గ్లాసులూ పక్కపక్కన పెడితే ఎత్తు తేడా తెలియకుండా ఉన్నాయి. ఇంట్లో కొత్త రకమేదీ మిగల్లేదు. అప్పుడు అమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. పెళ్ళిలో తెచ్చుకున్నది, అమ్మ పోయాక ఎవరూ తెరవలేదు. మంచం కింద నుంచి లాగి, చీరలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాను. కలరా ఉండల వాసన వచ్చింది. అమ్మ వాసన వస్తుందేమోనని చూశాను, రాలేదు. అడుగున పరిచిన కాగితాలు పసుపుపచ్చగా అయి రేకుకి అంటుకుపోయాయి. విజయనగరంలో పెట్టె కొన్న రోజు కొట్టువాడు పరిచిన పత్రికలు, మేం పుట్టకముందువి; అంత పాత కబుర్లు మాలో ఎవరూ చదవలేదు, కాబట్టి కొత్త రకమే. నేను పెట్టెలోకి వంగి, అక్కడే చదవడం మొదలెట్టాను. బెల్లం ధర, ఒక కాలేజీ వార్షికోత్సవం, వరదకి కొట్టుకుపోయిన వంతెన. చదువుతుంటే నా గొంతు ఆ రేకుపెట్టెలో పడి బయటికి వేరేగా వినిపించింది. నేను తల ఎత్తేసరికి అత్త, నాన్న, మావయ్య, తమ్ముడు అందరూ గుమ్మంలో ఉన్నారు.

"అరదమైనాదా అత్తా?" అని వాళ్ళ మాటల్లోనే అడిగాను.

అత్త పిక్క తీసుకొచ్చి నా గ్లాసులో వేసింది. తమ్ముడు, "దీదీ జీత్ గయీ," అని చప్పట్లు కొట్టాడు. ఓడిపోయానన్న బాధ వాడికి క్షణం కూడా లేదు.

నాన్న చీరలన్నీ చూసుకుంటూ మంచం అంచు మీద కూచున్నాడు. "అడుగమ్మా," అన్నాడు.

"తమ్ముణ్ణి పంపొద్దు."

 మావయ్య బయటికి వెళ్ళబోయి ఆగిపోయాడు. నాన్న గోళ్ళ వంక చూసుకున్నాడు.

"అదొక్కటీ ఒగ్గీసి ఇంకేటైనా అడుగు."

"మాటిచ్చినావుగదరా!" అంది అత్త. పంపాలని మొదట అన్నది ఆవిడేనని తర్వాత తెలిసింది. అయినా ఆ మాట ఆవిడ నోటే వచ్చింది.

నాన్న నాతోనే చెప్పాడు, అత్తతో కాదు. "రోజూ పెట్టెల కింద సూసీవోణ్ణి నాను. ఆ రోజు ఆడి కోసం సూసినాను. పెట్టిలోకెక్కి సూడ్డానికి ముందు, కింద సూసినాను. పెతీ పెట్టీ కింద. మల్లీ అలగ సూడ్లేనమ్మా. నాను డ్యూటీ కెల్తే ఈడెక్కడున్నాడో అని... నావల్ల కాదు. మాట తప్పినాను, తప్పినోణ్ణే అనుకో."

నేను ఆయన మొహం చూశాను.  ఆయన చెప్పింది నిజమని తెలుస్తూనే ఉంది.

"అయితే నాకేం వద్దు," అన్నాను. చీరలు మడతలు చెదరకుండా మళ్ళీ పెట్టెలో సర్దాను.

తమ్ముడు ఒక్కొక్కరి మొహం చూసి, "నేనెక్కడికెల్తాను?" అని అడిగాడు, తెలుగులో. మావయ్య వాణ్ణి ఎత్తుకుని, రైలెక్కుతావు, మామిడితోట ఉంది, మిల్లులో ఎద్దులున్నాయి అని చెప్పాడు. కుక్కపిల్ల ఉందా అని అడిగాడు వాడు. ఉందన్నాడు మావయ్య.

రెండు రోజుల తర్వాత వెళ్ళారు. వాడు కిటికీ పక్కన కూచున్నాడు. పెట్టె మీద రాసిందీ, ఎదుటి సీటు కింద రాసిందీ చదువుతూ, బండి కదిలేదాకా నా వంక సరిగ్గా చూడనే లేదు. కదిలాక చూశాడు. ఏదో అరిచాడు గానీ వినబడలేదు. నాన్న అప్పటికే యార్డు వైపు నడుస్తున్నాడు, డ్యూటీ టైమైంది. నేను ఇంటికి వచ్చి బియ్యం కడిగాను. కొలత మార్చుకోవడం గుర్తులేక, ఆ రాత్రీ మర్నాడూ కూడా అన్నం మిగిలిపోయింది.

ఆ ఏడాది ఎలా గడిచిందో సరిగ్గా చెప్పలేను. నాన్న యార్డు నుంచి కాగితాలు తేవడం మానలేదు. నేను చదివితే అత్త వినేది, అర్థం కాకపోతే తిట్టేది. ఊరి నుంచి మావయ్య ఉత్తరాలు రాసేవాడు, పిల్లాడు క్లాసులో ఫస్టు వస్తున్నాడని, బొద్దుగా అయ్యాడని. నాన్న వాటిని నా చేత రెండుసార్లు చదివించుకునేవాడు. తమ్ముడి మీద బెంగ ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనే చెప్పేదాన్ని. చెప్పడానికి మాత్రమే అది ఉండేది. లోపల వెతికితే ఏమీ చేతికి తగిలేది కాదు.

మళ్ళీ ఎండాకాలం సెలవులకి మావయ్యా, ఆయన భార్య అత్తయ్యా వాణ్ణి తీసుకుని వచ్చారు. స్టేషనుకి నాన్నతో నేనూ వెళ్ళాను. వాడు పొడుగయ్యాడు. నూనె పెట్టి పాపిడి తీసి దువ్విన తల, కొత్త చొక్కా. అత్తయ్య చెయ్యి పట్టుకుని దిగాడు. నాన్న రెండడుగులు ముందుకి వేశాడు. అత్తయ్య వాడి వీపు మీద మెల్లిగా చెయ్యి పెట్టి, "ఏటనాల? సెప్పు బావూ," అంది. వాడు అత్తయ్య మొహం ఒకసారి చూసి, నాన్నకి రెండు చేతులూ జోడించాడు.

"బాగున్నావా మావయ్యా?"

నాన్న ఆగిపోయాడు. మావయ్య తల తిప్పుకుని కూలీతో ఏదో మాట్లాడుతున్నాడు. పెంచుకున్నవాడు నాన్న అయితే, కన్నవాడు మావయ్యే అవుతాడు కదా. ఎవరినీ అనడానికేం లేదు. నాన్న వాడి తల మీద చెయ్యి వేసి, "బాగున్నాను. రా అల్లుడూ," అన్నాడు.

అప్పుడు వాడు నా వైపు తిరిగాడు. ఈసారి ఎవరూ వీపు మీద చెయ్యి పెట్టలేదు, వాడే అన్నాడు, ఎక్కడా తడుముకోకుండా, చక్కని తెలుగులో.

"బాగున్నావా వదినా?"

"బాగున్నాను," అన్నాను. చుట్టాలొస్తే అడిగినట్టే, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగి, వాడి చేతిలో సంచీ అందుకున్నాను.